ఎడమ చక్రం చప్పుడు

మా గల్లీలో నాకంటే నా బండికే పేరెక్కువ. బండి అంటే నా చక్రాల కుర్చీ. తూంకుంటలో మా సందు మొదట్లో నేను మలుపు తిరిగానో లేదో, చివరింటి నర్సమ్మ పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టేస్తుంది. రెబెక్కా వస్తోందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు, నా ఎడమ చక్రమే చెబుతుంది. ముందుకు తోస్తే సన్నగా కీచ్‌మంటుంది. వెనక్కి లాగితే బొంగురుగా కుర్రుమంటుంది. కుడి చక్రం బుద్ధిమంతురాలు, నోరెత్తదు.

ఆ చప్పుడంటే మా బాపుకు గిట్టదు. బాపు పేరు యేసయ్య. శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు పక్కన ఆయనకు బైకుల రిపేరు షాపు ఉంది. ఊరందరి బండ్ల నోళ్ళూ మూయించే మనిషి ఇంట్లో సొంత కూతురి బండి కీచుకీచుమంటూ తిరగడం తలవంపులు కదా! కానీ అసలు బాధ అది కాదు. ఒక ఆదివారం మేం చర్చికి ఆలస్యంగా వెళ్ళాం. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. నేను గడప దాటగానే చక్రం కీచ్‌మంది. వరసగా తలలన్నీ వెనక్కి తిరిగాయి. ముందు వరసలోని ఒక పెద్దావిడ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని "అయ్యో పాపం" అంది. నాకు నవ్వొచ్చింది. బాపుకు రాలేదు.

ఆ మధ్యాహ్నం అమ్మతో అంటుంటే విన్నాను. "నా బిడ్డ వస్తాంటే గందరు తిరిగి సూసుడేంది, పాపం అనుడేంది? గా సప్పుడు లేకుంటె ఒక్కడు గూడ తిరుగకపోవు, ఎలీషమ్మా."

అప్పటినుంచి ఆయన గ్రీజు డబ్బా పట్టుకుని నా చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. నేను ముట్టనిస్తేగా! "ఇప్పుడు గాదు బాపు, ఎన్కకు సూద్దాం" అని ప్రతిసారీ తప్పించుకునేదాన్ని. ఆయనకు పని చెప్పడం ఇష్టం లేక అలా అంటున్నానని ఆయన అనుకున్నాడు. అసలు కారణం వేరే. అది స్టేజీ ఎక్కేదాకా ఎవరికీ తెలియకూడదని మేం ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాం.

ముగ్గురంటే నేను, నాగమణి టీచర్, హేమచంద్. టీచర్ కూచిపూడి నేర్పుతుంది. వాళ్ళది కోస్తా వైపు, కొత్త కాలనీలో ఇల్లు. ఇంటి కింద కారు పెట్టుకునే జాగాలోనే ఆమె క్లాసు. నేను మగ్గం పని చేస్తాను, జాకెట్లకు పూసలూ దారాలూ కుడతాను. ఒకసారి ఆమె జాకెట్ తొందరగా కావాలని మీదమీదకు వస్తే నాకు ఒళ్ళు మండి, రెండు చేతులూ తిప్పుతూ కడిగి పారేశాను. నేను తిడుతున్నంతసేపూ ఆవిడ నా మాటలు వినలేదు, నా చేతుల్నే చూస్తూ కూర్చుంది.

"అయిపోయిందా తిట్టడం? రేపు సాయంత్రం ఆ చేతులు పట్టుకుని మా ఇంటికి రా" అంది.

అలా చేరాను నేను డ్యాన్సులో.

హేమచంద్ అప్పటికే ఆమె దగ్గర చాలా ఏళ్ళుగా నేర్చుకుంటున్నాడు. కండ్లకోయలో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. పుట్టుకనుంచీ చూపు లేదు. మహా నెమ్మదస్తుడు, ఒక్క గజ్జెల విషయంలో తప్ప. టీచర్ పూజ చేసి తన చేత్తో కట్టిన గజ్జెలవి, ఆమె గురువుగారి కాలంనాటివి. కుడి కాలి గజ్జెలు పెద్దవి, మందంగా ఘల్లుమంటాయి. ఎడమ కాలివి చిన్నవి, సన్నగా చిలచిలమంటాయి. వాళ్ళమ్మ పాత పట్టుచీర ముక్కలో చుట్టి పెట్టుకుంటాడు. ఎవరినీ ముట్టనివ్వడు. ఎవరైనా పొరపాటున వాటిని నేల మీద పెడితే టీచర్ కూడా ఇంతెత్తున లేస్తుంది.

గజ్జెలంటే నాకు ఒక పాత లెక్క ఉంది. బడిలో వార్షికోత్సవానికి ఆడపిల్లలందరికీ గజ్జెలు పంచుతుంటే నేనూ చెయ్యి చాపాను. డ్యాన్స్ నేర్పే సారు నా చేతిలోంచి వాటిని తీసేసుకుని "కదలని కాళ్ళకు గివెందుకమ్మా" అని, పూల పళ్ళెం ఇచ్చి స్టేజీ పక్కన కూర్చోబెట్టాడు. ఆ పూలన్నీ ఒక్కసారే ముఖ్య అతిథి నెత్తిన కుమ్మరించాను. ఇప్పటికీ ఆ పని చేసినందుకు నాకు సంతోషమే. కానీ గజ్జెల మాట మళ్ళీ ఎవరి దగ్గరా ఎత్తలేదు. టీచర్ కూడా ఎత్తలేదు. హేమచంద్ కట్టుకుంటుంటే మాత్రం కళ్ళు అటే పోయేవి. నా బండికి నోరుంది, నాకు గజ్జెలెందుకులే అని సర్దిచెప్పుకునేదాన్ని.

నిజంగానే నోరుంది. మొదట్లో పాట పెట్టుకుని ఆడితే హేమచంద్ వచ్చి నా మీద పడేవాడు, లేకపోతే నేను అతని కాలి మీదికి ఎక్కించేదాన్ని. ఒకరోజు ఉన్నట్టుండి కరెంటు పోయి పాట ఆగిపోయింది. నేను విసుక్కుంటూ బండి అటూ ఇటూ తిప్పుతున్నాను.

"ఇప్పుడు నా ఎడమ పక్కకొచ్చావు. ఇదిగో, వెనక్కి పోతున్నావు. మళ్ళీ ముందుకొచ్చావు" అన్నాడు హేమచంద్.

"నీకెట్ల ఎర్కైంది?"

"నీ బండి చెబుతోందిగా!"

అంతే, ఆ రోజుతో పాటను బంద్ పెట్టేశాం. మా డ్యాన్సులో మైకు లేదు, మృదంగం లేదు. అతని గజ్జెలు ఒక ప్రశ్న అడుగుతాయి, నా చక్రం జవాబు చెబుతుంది. ఆ కీచుమన్న చప్పుడును బట్టి అతను నా చుట్టూ తిరుగుతాడు, దూకుతాడు, ఆగుతాడు. మధ్యలో ఎవరూ చెయ్యి పట్టుకోనక్కర్లేదు.

కథ కూడా మాదే. రోడ్డు దాటడం. హేమచంద్ రోడ్డు పక్కన ఎవరికోసమో నిలబడి ఉంటాడు, ఎవడో పుణ్యాత్ముడు వచ్చి చెయ్యి పట్టి బరబరా అవతలికి ఈడ్చుకుపోయి వదిలేస్తాడు. పాపం, అతను మళ్ళీ ఇవతలికి రావాలి. నేను బస్సు కోసం ఎదురుచూస్తుంటే ఒకామె నా ఒళ్ళో అరటిపండు పెట్టి దండం పెట్టుకుని పోతుంది. ఇవి మేం కల్పించినవి కావు, మాకు జరిగినవే. చివర్లో ఇద్దరం ఎవరి సాయమూ అడగకుండా లారీల మధ్యలోంచి రోడ్డు దాటుతాం.

దీన్ని మొదటిసారి ఆడాల్సింది టీచర్ వాళ్ళ కాలనీ వార్షికోత్సవంలో. కాలనీ సంఘం కార్యదర్శి యజ్ఞనారాయణగారు రిటైరైన పెద్దమనిషి. మనసు మంచిది, మాట తీపి, ఎదుటివాళ్ళు చెప్పేది వినే అలవాటు మాత్రం లేదు.

"ఏం పర్లేదమ్మా, స్టేజీ మీదికి మా కుర్రాళ్ళు నలుగురు నిన్ను కుర్చీతో సహా ఎత్తేస్తారు" అన్నాడు.

నా అరికాళ్ళలో స్పర్శ లేదు కానీ, మంట మాత్రం అక్కణ్ణుంచే నెత్తికెక్కింది. "నేనేమన్న బీరువానా సార్, నలుగురు వట్టి లేపనీకి? పలకలు ఏపియ్యుండ్రి, నేనే ఎక్కుత."

పాపం వేయించాడు. వాలుగా, గట్టిగా, మంచి పలకలే వేయించాడు. కానీ ఇంకొకటి పట్టుకున్నాడు. "హేమచంద్ బాబు స్టేజీ అంచుకొచ్చి కిందపడితే? బాధ్యత నాది కదా తల్లీ! ఒక వాలంటీర్ చెయ్యి పట్టుకుని పక్కనే ఉంటాడు."

చెయ్యి పట్టి ఈడ్చేవాళ్ళ మీద డ్యాన్స్ కడితే, దానిలోకి చెయ్యి పట్టేవాణ్ణి పంపిస్తానంటాడేంటి! ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఒక మాట మీద కుదిరింది. రఘునందన్ అనే కుర్రాడు స్టేజీ పక్కన తెర దగ్గర నిలబడతాడు. మేం బాగా ఆడితే అతను కదలడు. హేమచంద్ అంచు దగ్గరకు వస్తే మాత్రం వచ్చి చెయ్యి పట్టుకుంటాడు, అక్కడితో డ్యాన్స్ ఆపేసి శాలువాలు కప్పి దించేస్తారు.

"సరే సార్, మాకేం పరేషాన్ లేదు" అన్నాను. నా చక్రం మీద నాకంత నమ్మకం.

వార్షికోత్సవం ఆదివారం నాడే. చర్చి నుంచి వచ్చాక అమ్మ నన్ను మంచం మీద కూర్చోబెట్టి జడ వేస్తోంది. కాటుక, పాపిటబిళ్ళ, టీచర్ ఇచ్చిన ఎర్రంచు పచ్చ చీర. బాపు గుమ్మంలోంచి తొంగి చూశాడు.

"బిడ్డా, బండి మీద దుమ్మున్నది. జెర తుడ్సి తెస్త."

తుడిస్తే తుడిచాడులే అనుకున్నాను. జడలో పూలు పెట్టించుకోవడంలో పడి బయటికి చూడలేదు. జడ అయ్యేసరికి ఆటో సిద్ధంగా ఉంది. బండి మడిచి వెనకాల కట్టేసి ఉంది. బాపు నన్ను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. ఆయన మొహం చూడాలి, ఒకటే వెలుగు. ఎప్పుడూ డ్యాన్స్ అంటే గొణిగే మనిషి, ఇవాళ ఇంత ఉత్సాహమేమిటా అనుకుని నేనూ పొంగిపోయాను.

కాలనీ హాలు దగ్గర డీజే పెట్టెలు చెవులు పగలగొడుతున్నాయి. పక్కవాళ్ళ మాట వినపడితే ఒట్టు. బాపు నన్ను పలకల మీదుగా స్టేజీ వెనక గదిలోకి తీసుకుపోయాడు. అక్కడ తలుపు వేశాక కొంచెం ప్రశాంతంగా ఉంది. హేమచంద్ గజ్జెలు కట్టుకుని, ఒళ్ళు వేడెక్కేందుకు కాళ్ళు ఆడిస్తున్నాడు. టీచర్ అతని పంచె సర్దుతోంది. మా తర్వాత పిల్లల పాట, మా ముందు ఎవరిదో సన్మానం.

నేను బండిని తోసుకుంటూ హేమచంద్ ముందుకు వెళ్ళి ఆగాను.

"రెబెక్కా ఇంకా రాలేదేంటి టీచర్?" అన్నాడు హేమచంద్, నా మొహానికి మూరెడు దూరంలో నిలబడి.

బండి వెనక్కి లాగాను. చప్పుడు లేదు. ముందుకు తోశాను. లేదు. గిర్రున తిప్పాను. వెన్న మీద కత్తి పోయినట్టు మెత్తగా తిరిగింది.

"ఎట్లున్నది బిడ్డా?" బాపు నవ్వుతున్నాడు. "బేరింగులు కొత్తయి ఏసిన. మంచి గ్రీజు వెట్టిన. ఇగ నువ్వు స్టేజి మీద పోతాంటే చీమకు గూడ సప్పుడు గాదు. పెండ్లిబండి లెక్క తయారు జేసిన."

"బాపూ! ఎవలు జెయ్యమన్నరు నిన్ను? ఎన్నిసార్లు జెప్పిన, ముట్టకు ముట్టకు అని! నా డ్యాన్సు మొత్తం ఖరాబు జేసినవ్! గా సప్పుడే నా పాట, గా సప్పుడు ఇనుకుంటనే హేమచంద్ ఆడేది. ఇప్పుడేం జేస్త నేను? ఏం జేస్త?"

నా గొంతుకు తలుపు అవతల సన్మానం ఆగిపోయిందేమో కూడా తెలియదు. బాపు నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయి, మెల్లగా జారిపోయింది. చేతిలోని గుడ్డను మడుస్తున్నాడు, విప్పుతున్నాడు. "నాకేం ఎర్క బిడ్డా" అన్నాడు. ఆ గొంతు వినేసరికి నా కోపం నీరుగారిపోయింది. ఎంత వేగంగా వస్తుందో అంత వేగంగా పోవడం దానికి అలవాటు. పోయిన చోట ఏడుపు వచ్చి కూర్చుంది.

బాపు ఊరుకునే రకం కాదు. బయటికి పరిగెత్తి గుప్పెడు ఇసుక తెచ్చి ఇరుసులో పోశాడు. ఆయన పెట్టిన గ్రీజు ఇసుకను కూడా మింగేసి గుట్టుగా తిరిగింది. తర్వాత అట్టముక్క చింపి చక్రం పుల్లల మధ్య గుచ్చాడు. చిన్నపిల్లలు సైకిళ్ళకు పెట్టుకుంటారే, అలా. పటపటపటమంది.

హేమచంద్ తల అడ్డంగా ఊపాడు. "ముందుకెళ్ళినా వెనక్కెళ్ళినా ఒకేలా ఉందండీ. నెమ్మదిగా తోస్తే అసలు మోగట్లేదు."

"అయితె నేను తెర ఎన్క నిలవడి నోటితోని అంట. కీచ్... కీచ్... కుర్ర్..." బాపు బుగ్గలు పూరించి చేసి చూపించాడు.

అంత కష్టంలోనూ ముగ్గురం పగలబడి నవ్వాం. నా కాటుక చెంపలమీదికి వచ్చేసింది. అప్పుడే తలుపు తెరుచుకుని రఘునందన్ తల లోపలికి పెట్టాడు.

"నెక్స్ట్ మీరే. సార్ అడగమన్నారు, ఎందుకైనా మంచిది నేను మొదట్నుంచే చెయ్యి పట్టుకోనా అని."

హేమచంద్ మెల్లగా నేల మీద కూర్చున్నాడు. కాళ్ళు ముందుకు చాపుకుని గజ్జెల తాడు విప్పడం మొదలుపెట్టాడు. మానేస్తున్నాడనుకున్నాను.

"రఘూ, నువ్వెళ్ళి నీ చోట నిలబడవయ్యా" అన్నాడు తాపీగా. తర్వాత నా వైపు తిరిగాడు, అంటే నా ఏడుపు ఎటునుంచి వస్తోందో అటు. "ఇద్దరికీ గజ్జెలుంటే నీవేవో నావేవో నాకు తెలీదు. ఒక్కరికే ఉండాలి. అవి నీకుండాలి. నేను కాళ్ళు నేలకేసి కొడతాను, అది చాలు నాకు."

"నీ గజ్జెలా?" అన్నాను. "నా బండికా?"

"పెద్దవి కుడి చక్రానికి, చిన్నవి ఎడమ చక్రానికి. తొందరగా కట్టండి బాబాయ్."

బాపు చెయ్యి చాపి ఆగిపోయాడు. ఎందుకంటే మా అందరి కళ్ళూ టీచర్ వైపు తిరిగాయి. నేల మీద పెడితేనే ఒప్పుకోని మనిషి. గురువుగారి గజ్జెలు. వాటిని తీసుకెళ్ళి రోడ్ల మీద తిరిగే చక్రాలకు కట్టడమా? నేనైతే ఆవిడ తిడుతుందనే అనుకున్నాను. తిరిగి తిట్టే ఓపిక కూడా నాకు మిగల్లేదు.

టీచర్ గజ్జెలను రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్ళకు అద్దుకుంది. నా దగ్గరకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"కాళ్ళకు కట్టేటప్పుడు ఆడేవాళ్ళు వీటిని ముందు కళ్ళకద్దుకోవాలి. చేతులు పట్టు" అంది.

పట్టాను. బరువుగా, ఇంకా హేమచంద్ కాళ్ళ వెచ్చదనంతో ఉన్నాయి. కళ్ళకు అద్దుకున్నాను. బడిలో నా చేతిలోంచి లాక్కున్నప్పుడు ఏడవనిదాన్ని, ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషం పట్టలేక ఏడ్చాను.

"గజ్జెలు కావాలా అని నిన్ను అడగాల్సింది నేనే, ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు రెబెక్కా" అంటూ టీచర్ గజ్జెలను బాపు చేతిలో పెట్టింది. "ఇరుసు దగ్గరగా కట్టండి యేసయ్యగారూ. నేలకు తగలకూడదు."

బాపు నా చక్రం ముందు మోకరించాడు. పుల్లల మధ్య తాడు తిప్పి తిప్పి, బ్రేకుకు తగలకుండా, జారకుండా కట్టాడు. కట్టడం అయ్యాక చక్రాన్ని ఒక్కసారి తిప్పి చూశాడు. ఘల్లుమంది. ఆయన తలెత్తి నా మొహంలోకి చూసి, తన గుడ్డతో నా చెంపల మీది కాటుక తుడిచాడు. గుడ్డకున్న గ్రీజు కాస్తా నా చెంపకంటింది. అలాగే స్టేజీ ఎక్కాను.

మైకు పట్టుకున్నాయన గొంతు బరువు చేసుకుని "ఇప్పుడు మన దివ్యాంగ సోదర సోదరీమణులు, చూస్తే గుండె కరిగిపోయే" అంటూ మొదలుపెట్టి, వెనక ఏదో విషాదపు వేణువు కూడా వేయించాడు. టీచర్ తెర పక్కనుంచి ఒక్క చూపు చూసింది. వేణువు చచ్చినట్టు ఆగింది.

"పాటేది మమ్మీ?" అని ముందు కుర్చీలోంచి ఒక పాప అడిగింది.

నేను బండిని తోశాను. ఘల్... చిల్... ఘల్... చిల్. పాప నోరు తెరిచింది. అవతలి మూలనుంచి హేమచంద్ కాలితో నేలను తట్టాడు. ఉత్త కాలు పలకమీద పడితే ఇంత గంభీరంగా మోగుతుందని నాకూ తెలియదు. నేను వేగంగా వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని, వద్దు వద్దంటున్నా రోడ్డు అవతలికి ఈడ్చుకుపోయి, దండం పెట్టుకుని, పుణ్యం దక్కినట్టు మొహం పెట్టాను. హాలు గొల్లుమంది. తర్వాత అతను అరటిపండు పట్టుకుని నా ఒడి వెతుక్కుంటూ వచ్చి, నా నెత్తిన పెట్టి మొక్కాడు. అందరికంటే పెద్దగా నవ్వినాయన యజ్ఞనారాయణగారు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగి, తెర దగ్గరున్న రఘునందన్ వైపు చూశారు. వాడు తల దించుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు.

ఇక రోడ్డు దాటే ఘట్టం. హేమచంద్ గిరగిరా తిరగాలి, తిరిగి నా వైపు ఆగాలి. అలవాటైన గజ్జెలు కాళ్ళకు లేవు. ఒక చుట్టు ఎక్కువ తిరిగాడో తక్కువ తిరిగాడో, ఆగేసరికి జనం వైపు ఉన్నాడు. ముందుకు అడుగేశాడు. ఇంకొకటి వేశాడు. అంచు దగ్గరపడుతోంది. రఘునందన్ ఒక కాలు స్టేజీ మీద పెట్టేశాడు. పిలిస్తే డ్యాన్స్ పోయినట్టే, పిలవకపోతే అతను పడినట్టే.

నా చేతులు నాకంటే ముందు ఆలోచించాయి. ఎడమ చక్రాన్ని గట్టిగా పట్టేసి కుడి చక్రాన్ని ఒక్కదాన్నే తిప్పాను. పెద్ద గజ్జెలొక్కటే మోగాయి. ఘల్లు ఘల్లు ఘల్లు.

హేమచంద్ ఆగిపోయాడు. అతని కాలి వేళ్ళు సరిగ్గా అంచు మీద ఉన్నాయి. తల పక్కకు వంచి విన్నాడు. మెల్లగా అతని మొహం మీదికి ఒక నవ్వు వచ్చింది. కీచుమనే చక్రం నేనెక్కడున్నానో, ముందుకో వెనక్కో మాత్రమే చెప్పేది. ఈ గజ్జెలు నేనెటు తిరుగుతున్నానో చెబుతున్నాయి! నేను ఎడమకు తిరిగితే అతనూ ఎడమకు తిరిగాడు. ఈసారి చిన్న గజ్జెలు మోగించాను, కుడికి తిరిగాడు. మేం ఎన్నడూ నేర్చుకోని డ్యాన్స్ అది. ఒకరి మొహానికి ఒకరు ఎదురుగా, అద్దంలో చూసుకున్నట్టు, గుండ్రంగా తిరిగాం. నేను రెండు చక్రాలూ వదిలి చేతులు పైకెత్తేశాను. బాపు పెట్టిన కొత్త బేరింగులు కదా, బండి ఆగకుండా తిరుగుతూనే ఉంది, గజ్జెలన్నీ ఒక్కసారిగా గలగలమంటున్నాయి, హేమచంద్ నా చుట్టూ పాదాలు దడదడలాడించేస్తున్నాడు. దేవా, అంత సంతోషం నా ఒంట్లో ఎక్కడ పడుతుందో నాకు తెలియలేదు.

రఘునందన్ పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. మేం లారీల మధ్యలోంచి రోడ్డు దాటి అవతలికి చేరేసరికి చప్పట్లు మొదట కొట్టింది అతనే.

జనం లేచి నిలబడ్డారు. యజ్ఞనారాయణగారు శాలువాలతో వచ్చి, అలవాటుగా నా బండి వెనక పిడి మీద చెయ్యి వేయబోయి, గాల్లోనే ఆపుకున్నారు.

"అమ్మా, తొయ్యమంటావా?" అని అడిగారు.

"వద్దు సార్, నేనే వస్త. అడిగిన్రు గద, గది సాలు" అన్నాను.

గజ్జెలు విప్పి ఇవ్వబోతే హేమచంద్ తీసుకోలేదు. ఉత్త కాళ్ళతో ఆడటంలో రుచి తనకు ఇప్పుడే తెలిసిందట. తనకు కావాలంటే టీచర్ వేరే గొంతు గజ్జెలు చూసి కడుతుందట. టీచర్ ఆ పట్టుచీర ముక్కను నా ఒళ్ళో పెట్టింది.

తర్వాతి ఆదివారం చర్చికి పోవాలి. "బాపు, గజ్జెలు ఇప్పెయ్యి. ప్రార్థనల గీ లొల్లేంది అంటరు" అన్నాను.

ఆయన విప్పితేగా! చింతపండు గుజ్జుతో ఒక్కో గజ్జెనూ తోముతూ కూర్చున్నాడు. అమ్మ జల్దీ కానియ్యమని గొణుగుతోంది. తోమడం అయింది, కడగడం మొదలైంది. కడగడం అయింది, తుడవడం మొదలైంది. ఆ అయ్యో పాపం తర్వాత ఎప్పుడూ మమ్మల్ని అందరికంటే ముందు తీసుకెళ్ళి కూర్చోబెట్టే మనిషి! చర్చికి చేరేసరికి ప్రార్థన సగమైంది. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను గడప దగ్గరే బండి ఆపేశాను.

బాపు చొక్కా సర్దుకుని, నా పక్కకు వచ్చి నిలబడి, చెవి దగ్గరకు వంగాడు.

"ఆగినవేంది? గట్టిగ నూకు బిడ్డా. ముంగట వరుసోల్లకు గూడ ఇనవడాలె."